తన మనిషిని గుర్తుపట్టిన కారు

1919లో ఫోర్డ్ మోడల్ టి కారు కొన్న అమెరికా రైతుకు దాంతోపాటు ఒక చిన్న తాళంచెవి ఇచ్చేవారు. దాని మీద 51 నుంచి 74 లోపు ఏదో ఒక అంకె ఉండేది. అంకెకో ఆకారం. అంటే లక్షల కార్లకు కలిపి ఉన్నవి 24 రకాల తాళంచెవులే. సంతకు వెళ్లిన మనిషి పొరపాటున పక్కవాడి బండి ఎక్కినా, తన తాళంచెవితో అది కదిలే అవకాశం కొంత ఉండేదన్నమాట. ఇరవై నాలుగూ ఒక తీగకు గుచ్చుకుని తిరిగే దొంగకు ఆ పొరపాటు కూడా అక్కర్లేదు.

అంతకుముందు కారును కదిలించడమే పెద్ద యజ్ఞం. ముందువైపు ఇనుప హ్యాండిల్ తగిలించి, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పితే తప్ప ఇంజిన్ మేలుకునేది కాదు. ఒక్కోసారి ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగేవి. నడపడం వచ్చినవాళ్లే అరుదుగా ఉన్న ఆ రోజుల్లో కారుకు దాని మొండితనమే కాపలా. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆ తర్వాత మీట నొక్కితే చాలు. ఎవరైనా నడపగల బండి, ఎవరైనా ఎత్తుకుపోగల బండి కూడా అయింది. ఈ కథ పొడుగునా ఇదే జరుగుతుంది: యజమాని సుఖం కోసం చేసిన ప్రతి ఏర్పాటులోనూ దొంగ తన వాటా తీసుకున్నాడు.

దొంగిలించిన కారును రాష్ట్రం సరిహద్దు దాటిస్తే స్థానిక పోలీసులు ఏమీ చేయలేకపోయేవారు. అందుకని అదే 1919లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దొంగ కారుతో సరిహద్దు దాటడం ఇక కేంద్ర ప్రభుత్వం విచారించే నేరం. డయ్యర్ చట్టమని దాన్ని పిలిచేవారు. దాని ఫలితం పదిహేనేళ్ల తర్వాత ఒక విచిత్రమైన మనిషి విషయంలో కనబడింది. జాన్ డిలింజర్ అప్పటికి పేరుమోసిన బ్యాంకు దొంగ. కానీ బ్యాంకు దోపిడీ అప్పటికింకా కేంద్ర నేరం కాదు. 1934 మార్చి 3న అతడు ఇండియానా రాష్ట్రంలోని క్రౌన్ పాయింట్ జైలు నుంచి తప్పించుకుని, అక్కడి షెరిఫ్ కారునే ఎక్కి ఇల్లినాయ్‌లోకి వెళ్లిపోయాడు. బ్యాంకులు దోచినప్పుడు చేతులు కట్టుకుని చూసిన కేంద్ర దర్యాప్తు అధికారులకు కారు దొంగతనం పుణ్యమా అని దారి దొరికింది.

చట్టం దొంగ వెంటపడగలదు, అంతే. కారే దొంగను ఆపాలంటే తనను నడిపేది సొంతదారో, పరాయివాడో దానికి తెలియాలి. ఇనుమూ రబ్బరూ తప్ప మరేమీ లేని యంత్రానికి ఆ సంగతి తెలిసేదెలా?

మొదటి జవాబులన్నీ బలం మీద నమ్మకంతో పుట్టినవే. వాటిలో స్టీరింగ్ తాళం ఒకటి. తాళంచెవి తీయగానే లోపల ఒక ఇనుప మేకు దిగి స్టీరింగ్ తిరగకుండా పట్టేస్తుంది. 1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ దీన్ని కొత్త కార్లకే కాకుండా పాతవాటికీ తప్పనిసరి చేసింది. అక్కడ దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్ మాత్రం 1971 నుంచి కొత్త కార్లకే పెట్టించింది. లండన్‌లో అనుమతి లేకుండా ఎత్తుకుపోయిన వాహనాల్లో కొత్తవాటి వాటా 1969లో 20.9 శాతం, 1973 నాటికి అది 5.1 శాతానికి పడిపోయింది. చప్పట్లు కొట్టాల్సిన అంకెలే. కాకపోతే దొంగలు వృత్తి మానలేదు, తాళం లేని పాత కార్ల మీద పడ్డారు. కొత్త కారు కొనలేనివాడి నెత్తిన కొత్త కారు కొన్నవాడి బెడద కూడా వచ్చి పడింది. రెండు దేశాలు, ఒకే తాళం, రెండు ఫలితాలు. కొందరి కార్లకే తాళం వేస్తే దొంగ ఇంకొకరి దగ్గరికి పోతాడని పరిశోధకులు కళ్లారా చూసిన సందర్భమిది.

బలాన్నే నమ్ముకున్నవాళ్లలో తర్వాతి మనిషి పెన్సిల్వేనియాకు చెందిన వ్యాపారి జేమ్స్ విన్నర్. ఆయన కాడిలాక్ కారును దొంగలు ఎత్తుకుపోయారు. ఆ బాధలో ఉండగా, తాను సైన్యంలో ఉన్నప్పుడు కొరియాలో జీపు స్టీరింగ్‌కు గొలుసు కట్టిన సంగతి గుర్తొచ్చింది. గొలుసుకు బదులు స్టీరింగ్ చక్రానికి అడ్డంగా బిగించే ఉక్కు కడ్డీ తయారు చేయించి, 1980ల మధ్యలో ‘ద క్లబ్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. అది కోటికి పైగా అమ్ముడుపోయింది. మన ఊళ్లలో ఇప్పుడు కనబడే పసుపు, ఎరుపు రంగుల స్టీరింగ్ కడ్డీలకు అదే పెద్దన్న. దొంగలేమో కడ్డీ జోలికి పోలేదు. అది ఉక్కు, స్టీరింగ్ చక్రం మెత్తన. చక్రాన్నే రంపంతో కోసి కడ్డీని బయటికి లాగేసేవారు. అయినా దూరం నుంచే కనబడుతుంది కాబట్టి, తొందరలో ఉన్న దొంగను పక్క కారు వైపు పంపడానికి అది పనికొచ్చింది. పక్క కారువాడికి ఆ పని నచ్చి ఉండదు.

ఇక సైరన్లు. పిల్లి దూకినా, ఉరుము ఉరిమినా మోగే కారును చూసి వీధి మొత్తం కిటికీలు మూసుకోవడం నేర్చుకుంది. నాన్నా పులి కథలో కుర్రాడికి పట్టిన గతే సైరన్లకూ పట్టింది.

అదే కాలంలో కారు కంటే కారులోని సామానే దొంగలను ఎక్కువగా ఊరించేది. ముఖ్యంగా రేడియోలు. 1980ల న్యూయార్క్‌లో కార్ల అద్దాలకు ‘రేడియో లేదు’ అని అట్టముక్కలు తగిలించుకునేవారు. అద్దం పగలగొట్టి శ్రమపడకు నాయనా అని దొంగకు రాసుకున్న విన్నపం అది! తర్వాత కంపెనీలు ముందు పలక ఊడదీసి జేబులో వేసుకునే రేడియోలు తెచ్చాయి. ఆపైన రేడియో కారు డ్యాష్‌బోర్డులోనే కలిసిపోయింది. ఊడబెరికినా ఇంకో కారుకు సరిపోదు గనుక ఆ దొంగతనం దానంతటదే సద్దుమణిగింది. ఎత్తుకుపోయిన వస్తువు పనికిరాకుండా పోతే దొంగకు దాని మీద మనసు విరిగిపోతుందన్న సంగతి ఇక్కడ తేలింది. ఆ ఆలోచన తర్వాత మొత్తం కారుకే అక్కరకొచ్చింది.

మాసాచుసెట్స్ రాష్ట్రంలోని మెడ్‌ఫీల్డ్ పట్టణంలో పోలీసు కమిషనర్‌గా చేసిన విలియం రీగన్ మరో దారి తొక్కాడు. కారులో ఎక్కడో ఒక రేడియో పెట్టె దాచాలి. కారు పోయిందని ఫిర్యాదు రాగానే అది సంకేతాలు పంపడం మొదలుపెట్టాలి, పోలీసు కారు వాటిని పట్టుకుంటూ వెళ్లాలి. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, 1986లో ఆ రాష్ట్రంలో ‘లోజాక్’ను నిలబెట్టాడు. దాని గొప్పదనం అది బయటికి కనబడకపోవడంలోనే ఉంది. ఏ కారులో ఉందో దొంగకు తెలియదు, కాబట్టి అన్ని కార్లకూ జంకుతాడు. ఇయాన్ ఎయర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్తలు 1998లో దీన్ని లెక్కగట్టారు. లోజాక్ కొన్నవాళ్ల కంటే కొననివాళ్లకే ఎక్కువ మేలు జరిగిందని తేల్చారు. కడ్డీ ఆపదను పక్కవాడికి పంపితే, ఈ పెట్టె రక్షణను పంచిపెట్టింది. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో అందరికంటే ఉదారమైన ఆవిష్కరణ ఇదే అనిపిస్తుంది.

ఇంత జరిగినా అసలు చిక్కు అలాగే ఉంది. కారుకు తన మనిషి ఇంకా తెలియదు.

ఆ వైపు మొదటి అడుగు జనరల్ మోటార్స్ వేసింది. దొంగలు మహా ఇష్టపడే కార్లలో దాని కార్వెట్ ఒకటి. 1986 మోడల్‌లో తాళంచెవి కాడ మీద ఒక చిన్న నల్లటి గుళిక అమర్చారు. అది విద్యుత్ ప్రవాహానికి అడ్డుపడే రెసిస్టర్. తాళంచెవి పెట్టగానే కారు దాని విలువ కొలుస్తుంది. విలువ సరిపోకపోతే కొన్ని నిమిషాల పాటు స్టార్ట్ కానివ్వదు. తాళంచెవి ఆకారంతో పాటు దానిలోని ఒక గుణాన్ని కూడా కారు చూడడం పెద్ద మలుపే. కానీ గుళికల్లో ఉన్న రకాలు పదిహేనే! మోడల్ టి నాటి ఇరవై నాలుగు కంటే తక్కువ. పదిహేను గుళికలూ వెంట తెచ్చుకుని, ఓపిగ్గా ఒక్కొక్కటీ ప్రయత్నించే దొంగకు అడ్డేమీ లేదు. పైగా గుళిక ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు చెబుతుంది. ఒకసారి కొలిచినవాడు దాన్ని తిరిగి చేసుకోగలడు.

నిజమైన జవాబుకు కావలసిన రెండు ముక్కలు అప్పటికే లోకంలో ఉన్నాయి. కాకపోతే కార్లకు ఏ సంబంధమూ లేని రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఆకాశంలో, ఇంకోటి పశువుల కొట్టంలో.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర మీద కనబడే చుక్క మన విమానమో శత్రు విమానమో తెలిసేది కాదు. అందుకని బ్రిటన్ తన విమానాల్లో ఒక పరికరం పెట్టింది. రాడార్ తరంగం తగలగానే అది ‘నేను మీవాణ్ణే’ అని బదులిస్తుంది. అయితే అలాంటి పరికరం ఒక్కటి శత్రువు చేతికి చిక్కితే చాలు, అతడూ అదే బదులు పలుకుతాడు. దీనికి మందు వెతికినవాళ్లలో హార్స్ట్ ఫైస్టెల్ ఒకడు. బెర్లిన్‌లో పుట్టి 1934లో అమెరికా చేరిన అతనికి 1944లో పౌరసత్వం వచ్చింది. వెంటనే అమెరికా వైమానిక దళ పరిశోధన కేంద్రంలో, ఈ మనవాడా పరవాడా అన్న సమస్య మీదే పనిలో పెట్టారు. ఇలాంటి వాళ్ల కృషితో యుద్ధం తర్వాత ఒక పద్ధతి కుదిరింది. జవాబు ఎప్పుడూ ఒకటే ఉండకూడదు, ప్రశ్న ప్రతిసారీ మారాలి. అడిగేవాడి దగ్గరా చెప్పేవాడి దగ్గరా ఒకే రహస్య సంఖ్య ఉంటుంది. ప్రశ్నను ఆ రహస్యంతో కలిపి లెక్క చేస్తే వచ్చేదే జవాబు. చాటుగా విన్నవాడికి నిన్నటి జవాబు దొరుకుతుంది, కానీ ఇవాళ్టి ప్రశ్న వేరు. ఫైస్టెల్ తర్వాత ఐబీఎంలో చేరి చేసిన పని నుంచే, ఆ తర్వాతి కాలంలో బ్యాంకులు వాడిన రహస్య లిపి పుట్టింది.

రెండో ముక్క ఆవులది. 1970లలో అమెరికా వ్యవసాయ శాఖకు ఒక చిక్కు వచ్చింది. మందలో ఏ ఆవుకు మందు వేశారో, దేనికి వేయలేదో గుర్తుండడం లేదు. ఒకదానికి రెండుసార్లు, ఇంకోదానికి అసలే వేయకపోవడం. అణు పరిశోధనకు పేరుపడ్డ లాస్ అలమోస్ ప్రయోగశాలను సాయం అడిగారు. వాళ్లు బ్యాటరీ లేకుండా పనిచేసే గుర్తింపు బిళ్ల తయారు చేశారు. చదివే యంత్రం నుంచి వచ్చే రేడియో తరంగాల నుంచే అది శక్తి తీసుకుని, తన సంఖ్య చెబుతుంది. తర్వాత కంపెనీలు దాన్ని ఆవు చర్మం కింద సూదితో ఎక్కించగలిగేంత చిన్న గాజు గొట్టంలో ఇమిడ్చాయి. మన పల్లెల్లో గేదెల చెవులకు కనబడే పసుపుపచ్చ ‘పశు ఆధార్’ బిళ్లల్లో రేడియో ఏమీ లేదు గానీ, అవసరం మాత్రం అదే.

అలాంటి బిళ్లలు చేస్తున్నవాళ్లలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఒకటి. 1990ల మొదట్లో ఆ కంపెనీ ‘టైరిస్’ పేరుతో, ముందుగా పశువుల కోసమే తెచ్చిన ఈ సాంకేతికతకు కొత్త కొనుగోలుదారులు దొరికారు. అందుకు కారణం ఒక గోడ కూలడం.

1989లో బెర్లిన్ గోడ కూలింది. తూర్పు సరిహద్దులు తెరుచుకున్నాయి. స్వేచ్ఛ వెంట వ్యాపారం వచ్చింది, వ్యాపారం వెంట దొంగ కార్ల వ్యాపారమూ వచ్చింది. జర్మనీలో రాత్రి పోయిన కారు తెల్లారేసరికి ఇంకో దేశంలో ఉండేది. పరిహారాలు చెల్లించలేక బీమా కంపెనీలు గగ్గోలు పెట్టాయి. తాళాలు బాగు చేయకపోతే ఇలా భరించలేమని కార్ల కంపెనీలకు చెప్పాయి. ఇంజనీర్లు ఏళ్ల తరబడి చెప్పి ఒప్పించలేని మాటను బీమా లెక్కలు కొద్దికాలంలోనే ఒప్పించాయి.

అప్పుడు ఆకాశంలోని ఆలోచనా, కొట్టంలోని బిళ్లా కలిశాయి. తాళంచెవి ప్లాస్టిక్ పిడిలో వడ్లగింజను పోలిన చిప్ ఒకటి చేరింది. ఇగ్నిషన్ చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది. తాళంచెవి తిప్పగానే ఆ చుట్ట చిప్‌కు శక్తినిచ్చి ఒక ప్రశ్న వేస్తుంది. చిప్ తన రహస్యంతో లెక్క చేసి జవాబు చెబుతుంది. అదే లెక్క ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ కూడా చేసి చూసుకుంటుంది. రెండూ సరిపోతే పెట్రోలు పారుతుంది, లేకపోతే లేదు. మనం తాళం తిప్పి ఊపిరి పీల్చేలోగా ఇదంతా అయిపోతుంది. తలుపు పగలగొట్టినా, స్టీరింగ్ తాళం విరిచినా, తీగలు కలిపినా ఇంజిన్ మాత్రం కదలదు. ఇదే ఇమ్మొబిలైజర్. ఎన్నాళ్లకో కారు తన మనిషిని గుర్తుపట్టింది.

జర్మనీ, బ్రిటన్ 1998 నుంచి కొత్త కార్లలో దీన్ని తప్పనిసరి చేశాయి. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే దారి పట్టాయి. నెదర్లాండ్స్ గణాంకాలు పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, ఇమ్మొబిలైజర్ వల్ల కారు దొంగతనాలు సగటున 40 శాతం దాకా తగ్గాయని లెక్క తేల్చారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఈసారి తన్నినవాళ్లు దొంగలు కాదు, విద్యార్థులు. టెక్సస్ చిప్‌లోని రహస్యం పొడవు 40 బిట్లు. అంటే లక్ష కోట్లకు పైగా అవకాశాలు. లెక్క చేసే విధానాన్ని కంపెనీ బయటపెట్టలేదు. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోని ఏవీ రూబిన్ బృందం, ఆర్ఎస్ఏ ల్యాబరేటరీస్ వారితో కలిసి దాని మీద కూర్చుంది. చేతిలో ఉన్నది కంపెనీ ఇంజనీరు ఒకరు ఎక్కడో చూపిన స్థూలమైన బొమ్మ ఒకటే. చిప్‌ను వాళ్లు పగలగొట్టి చూడలేదు. దాన్ని ప్రశ్నలు అడుగుతూ, జవాబుల్లోని తేడాలను బట్టి లోపలి లెక్కను ముక్క ముక్కగా ఊహించి కట్టుకున్నారు. ఆపైన లెక్కలు చేసే వేరే చిప్‌లు 16 ఒకేసారి పరుగెత్తించి, గంట లోపలే ఒక రహస్య సంఖ్యను పట్టుకున్నారు. తమ సొంత ఫోర్డ్ కారును ఆ నకిలీ జవాబుతోనే స్టార్ట్ చేసి చూపించారు. రహస్యం పొడవు చాలదని లోకానికి అలా తెలిసింది. ఆ తర్వాతి చిప్‌లు 80, 128 బిట్లకు ఎదిగాయి.

దొంగలేమో లెక్కల జోలికి పోకుండా మరో సందు చూసుకున్నారు. 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో జేబులోంచి తీయక్కర్లేని తాళంచెవి వచ్చింది. దగ్గరికి వెళ్తే కారు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే కదులుతుంది. మళ్లీ యజమానికో సుఖం, మళ్లీ దొంగకో వాటా! హాల్లో టేబుల్ మీద తాళంచెవి ఉంటుంది. ఒకడు ఇంటి తలుపు దగ్గర యాంటెన్నా పట్టుకుని నిలబడతాడు, ఇంకొకడు కారు దగ్గర. కారు అడిగిన ప్రశ్నను వీళ్లు తాళంచెవికి మోసుకెళ్తారు, జవాబును తిరిగి మోసుకొస్తారు. రహస్యం ఎవరూ ఛేదించలేదు, కారు తీరిగ్గా కదిలి వెళ్లిపోతుంది. జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది కార్ల మీద ఈ ఉపాయాన్ని ప్రయోగించి 2011లో ఫలితాలు ప్రకటించారు. పదికి పదీ లొంగిపోయాయి. ఇప్పుడు కొన్ని కార్లు జవాబు సరైనదా అని చూడడంతోపాటు అది ఎంతసేపట్లో వచ్చిందో కూడా కొలుస్తున్నాయి. రేడియో తరంగం సెకనులో వంద కోట్లో వంతు కాలంలో 30 సెంటీమీటర్లే పోగలదు. దూరం నుంచి మోసుకొచ్చిన జవాబు ఆలస్యంతో పట్టుబడిపోతుంది.

ఇంత కష్టపడి సాధించినదాన్ని డబ్బు మిగుల్చుకోవడానికి వదిలేస్తే ఏమవుతుందో కూడా ఈ మధ్యే తెలిసింది. అమెరికాలో ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాదు. 2015 మోడల్ హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే అది మామూలుగా వచ్చేది. మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఉంది. స్టీరింగ్ పక్కన పలక ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పితే ఈ కార్లు కదులుతాయని 2021, 2022లలో వీడియోలు పాకిపోయాయి. కుర్రాళ్లు సరదాకి కార్లు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. 2023 ఫిబ్రవరి నాటికి 14 ప్రమాదాలు, 8 మరణాలు నమోదయ్యాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ ప్రకటించింది. కంపెనీలు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ సరిచేస్తామన్నాయి, పోలీసుల ద్వారా వేలకొద్దీ స్టీరింగ్ కడ్డీలు పంచాయి. చట్టం తప్పనిసరి చేసిన కెనడాలో మాత్రం ఇవే కంపెనీల కార్లకు ఇమ్మొబిలైజర్ ఉంది. చవకలో పోయేదాన్ని ఆదా అనుకున్నందుకు ఇది చాలా ఖరీదైన లెక్క.

మన దగ్గర 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన సంఖ్య ఉన్న నంబరు ప్లేటు తప్పనిసరి అయింది. అది పోయిన బండిని గుర్తించడానికి, పోకుండా ఆపడానికి కాదు. అందుకే పాత కారు కొంటున్నప్పుడు ఇంజిన్, సీసీ, మైలేజీలతో పాటు ఇమ్మొబిలైజర్ ఉందా లేదా అని కూడా అడగండి. రెండు తాళంచెవులూ చేతికి తీసుకోండి. ఒకటి పోయిందని అమ్మేవాడు చెబితే, సర్వీసు సెంటర్‌లో ఆ పోయినదాన్ని కారు జ్ఞాపకంలోంచి చెరిపించండి. లేదంటే అది ఎవరి జేబులో ఉన్నా మీ కారు దాన్ని తన మనిషిగానే గుర్తుపడుతుంది. జేబులోంచి తీయక్కర్లేని తాళంచెవి అయితే రాత్రిపూట వీధి తలుపుకు దూరంగా, మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టండి. కారు పోతే బీమా కంపెనీ మొదట అడిగేది రెండు తాళంచెవులే కాబట్టి, రెండోదాన్ని కారు డ్యాష్‌బోర్డు అరలో మాత్రం ఉంచకండి.